అరిగేది ఒకటి, అరగదీసేది ఒకటి

స్నోమొబైల్ కొన్నానని ఫోన్లో చెబితే తెనాలిలో మావాళ్లు వేసిన మొదటి ప్రశ్న, "మైలేజీ ఎంత?" రెండోది, "ఏసీ ఉందా?" మూడోది మా బాబాయి వేశాడు, "లైసెన్సులో ఎక్కించారా?"

మైలేజీ ఊసెత్తకపోవడమే మర్యాద. ఏసీ బండికి అక్కర్లేదు, ఊరంతటికీ పెట్టి ఉంది. లైసెన్సు సంగతి మాత్రం చెప్పుకోవాలి. మేముండేది అమెరికాలో మినెసోటా రాష్ట్రం, సుపీరియర్ సరస్సు ఒడ్డున డలూత్ అనే ఊరు. ఇక్కడి చట్టం ప్రకారం 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టిన రాష్ట్రవాసి స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఉండి తీరాలి. అంతకుముందు పుట్టినవాళ్లకు అక్కర్లేదు. కాబట్టి నేను కూర్చుని పరీక్ష రాశాను. సైకిల్ కూడా తొక్కి ఎరగని మా అత్తగారు రేపు ఇక్కడే స్థిరపడితే, ఆవిడ పుట్టినతేదీయే ఆవిడకు సర్టిఫికెట్.

అసలెందుకు కొన్నావయ్యా అంటే, ఇక్కడి చలికాలం గురించి కొంచెం చెప్పాలి. డలూత్‌కి ఉత్తరాన టవర్ అనే చిన్న ఊరుంది. 1996 ఫిబ్రవరి 2న అక్కడ మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. రాష్ట్రానికి అదే రికార్డు. ఏటా అంత ఉండదుగాని, ఆ పేరు చెప్పి భయపెట్టేంత చలి ఏటా ఉంటుంది. అలాంటి ఊళ్లో నెలల తరబడి ఇంట్లో కూర్చుంటే మనిషి రెండింటిలో ఒకటవుతాడు: సీరియళ్లు చూసేవాడు, లేదా తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా పోటీ చేసేవాడు. ఆ రెండూ తప్పించుకోవడానికి ఇక్కడివాళ్లు స్నోమొబైల్ ఎక్కుతారు. వాటి కోసం ఈ రాష్ట్రంలో 22 వేల మైళ్లకు పైగా దారులున్నాయి. డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా సీజను. మంచు మీద ఆ దారులను చదును చేసి పెట్టేది ఎక్కువగా స్థానిక క్లబ్బుల వాళ్లే. పగలంతా తమ ఉద్యోగాలు చేసుకుని, రాత్రిపూట ఊరికే వచ్చి దారి వేసి పోతారు. దారి వేసినవాడే దాని మీద బండి నడుపుకోవడం నేను మొదటిసారి ఇక్కడే చూశాను. దారి బాగుండటానికి కారణం కూడా అదేనేమో.

ఇక బండి. ముందు రెండు స్కీలు, మోటార్‌సైకిల్ హ్యాండిలు, వెనక చక్రాలకు బదులు చుట్టూ తిరిగే వెడల్పాటి రబ్బరు ట్రాక్. ఈ ట్రాక్ ఉత్త రబ్బరు కాదు. రబ్బరులో నేతగుడ్డ పొరలు, అడ్డంగా ఫైబర్‌గ్లాస్ కడ్డీలు పొదిగి ఉంటాయి. బయటివైపు మంచును పట్టుకునే పళ్లు. దారుల మీద తిరిగే బండికి అంగుళం, అంగుళంపావు ఎత్తు చాలు. కొండల్లో మెత్తని మంచులో దిగబడిపోకుండా ఉండాలంటే మూడంగుళాల దాకా ఉంటాయి. లోపలివైపు మళ్లీ చిన్న పళ్లు, ఇంజను తిప్పే చక్రం వాటిని పట్టుకుని ట్రాక్‌ని లాగుతుంది. ట్రాక్ చుట్టు లోపల ఒక సంసారమే ఉంటుంది. రెండు అల్యూమినియం పట్టాలు, వాటి అడుగున ప్లాస్టిక్ స్లైడ్లు, స్ప్రింగులు, షాకులు, బండిని పట్టాలకు కలిపే ముందు చెయ్యి ఒకటి, వెనక చెయ్యి ఒకటి, ఇవిగాక ట్రాక్ ఎక్కడా కిందికి జారి పడకుండా మోసే చిన్న చక్రాలు. ఈ మొత్తాన్ని వెనక సస్పెన్షన్ అంటారు. వీటన్నిటి మీదా గొడుగు పట్టినట్టుండే లోహపు కప్పు పేరు టన్నెల్.

మా బండి సెకండ్ హ్యాండ్‌ది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. అమ్మినాయన మర్యాదస్థుడు. ఏ ప్రశ్న వేసినా, "బ్రహ్మాండంగా నడుస్తుంది" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, నడిచేది. ఎంతకాలం నడుస్తుందని మాత్రం ఆయన చెప్పలేదు, మనం అడిగే అలవాటూ లేదు.

కొన్నాళ్లకు గతుకుల దారిలో పోయినప్పుడల్లా కాలిన రబ్బరు వాసన రావడం మొదలైంది. ఇంటికొచ్చి టన్నెల్ లోపల అంటుకున్న మంచును గీకితే, ఆ తెల్లటి మంచులో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రబ్బరు పొడి. బండి తోకను స్టాండు మీదికెత్తి, టార్చి పట్టుకుని ట్రాక్ లోపలివైపు చూస్తే ఎడమ పక్కన రెండువేళ్ల వెడల్పున ఒక నున్నటి చార. చెయ్యి పెట్టి రాస్తే అక్కడక్కడ నేతగుడ్డ వేలికి తగులుతోంది. ట్రాక్‌ని నెమ్మదిగా చేత్తో తిప్పుతూ చూశాను. చార ఎక్కడా తెగలేదు. మొదలూ చివరా లేకుండా చుట్టూ ఉంది.

ఇంక సలహాలు. మనవాళ్లలో సలహా ఇవ్వడానికి ఆ విషయం తెలిసి ఉండాలన్న నియమం లేదుగదా! సంక్రాంతి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తానో లేదో, డేటాబేసుల్లో పనిచేసే ఒకాయన "ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూశావా?" అన్నాడు. గుండె డాక్టరు ఒకాయన "ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది? ఫ్యామిలీ హిస్టరీ ముఖ్యం" అన్నాడు. ఇంకొకాయన అరిసె కొరుకుతూ, "అమ్మేసెయ్, వాసన రాకుండా చలి బాగా ఉన్నరోజు చూసి అమ్ము" అన్నాడు. మా పక్కింటి పెద్దాయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ బండ్ల మీదే ఉన్నవాడు. ఆయన ఒక్కసారి వంగి చూసి, ట్రాక్ పాతబడింది, మార్చెయ్యమన్నాడు. షాపువాళ్లదీ అదే మాట. కొత్త ట్రాక్ వెయ్యి డాలర్ల దాకా పలుకుతుంది. అదిగాక మజూరీ. ట్రాక్ మార్చడం టైరు మార్చినంత సులువు కాదు. సస్పెన్షన్ మొత్తం కిందికి దించాలి, పక్కనున్న చైన్‌కేసు విప్పాలి, ట్రాక్‌ని తిప్పే ఇరుసు బయటికి లాగాలి. అప్పుడుగాని పాతది బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు.

అంచనా కాగితం చూసి మా ఆవిడ, "ఏవండీ, ఈ డబ్బుకి ఒక మనిషి తెనాలి వెళ్లి రావచ్చు" అంది. ఆ ఒక మనిషి తనే అన్న సంగతి వేరే చెప్పలేదు.

ఇంతలో తెనాలే మా ఇంటికి వచ్చింది. మన పెద్దవాళ్లు అమెరికాకి పురుళ్లకైనా వస్తారు, ఎండాకాలంలోనైనా వస్తారు. మా మామగారికి మంచు చూడాలని కోరిక, అందుకని అత్తగారితో కలిసి జనవరి చివర్లో దిగారు. విమానాశ్రయంలో మంకీ క్యాప్‌తో నడిచొస్తుంటే మా అబ్బాయి సిగ్గుపడ్డాడు. గుమ్మం దాటి బయటి గాలి తగిలాక వాడే, "తాతయ్యా, ఇంకోటి ఉందా?" అని అడిగాడు.

మామగారు ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మా హాల్లో సోఫా మీద ఉన్నంతసేపూ ఆయన మాట్లాడింది తక్కువ. గ్యారేజీలోకి తీసుకెళ్లి బండి చూపించగానే నడుము నిటారైంది. మంచు పడటం ఆయన అంతకుముందు చూడలేదు, స్నోమొబైల్ పేరు వినలేదు. అదేం అడ్డు కాలేదు.

"ఎవడు చేశాడండీ దీన్ని?" అన్నారు, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి.

చెప్పాను. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ అనే ఊళ్లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అని ఒక మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లే వీలు లేకపోయింది, పిల్లవాడు దక్కలేదు. 1937లో ఆయన పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే రబ్బరు ట్రాకు పద్ధతికి పేటెంటు తీసుకుని, ఏడుగురు కూర్చునే మంచుబండి చేశాడు. ఒకరిద్దరు కూర్చునే చిన్న బండి స్కీ-డూ 1959లో వచ్చింది. ఇటు మినెసోటాలోనూ కెనడా సరిహద్దు దగ్గర రోజో అనే ఊళ్లో, పొలం పనిముట్లు చేసుకునే హెటీన్ సోదరుల వర్క్‌షాపులో 1950ల మధ్య ఒక మంచుబండి తయారైంది, ఆ వర్క్‌షాపే పొలారిస్ కంపెనీ.

"మెకానిక్కా?" అన్నారు మామగారు. మొత్తం కథలో ఆయనకు పట్టింది ఆ ఒక్క మాటే. "అదీ. ఇంజనీరు అయితే ముందు రిపోర్టు రాసేవాడు."

ఇన్సూరెన్సు ఏజెంటు కథ కూడా చెప్పాను. సెయింట్ పాల్‌లో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి, ఒక డలూత్ డాక్టరుతో మాటల్లో పుట్టిన ఆలోచన పట్టుకుని, స్నోమొబైళ్ల మీద బయల్దేరి 1968 ఏప్రిల్ 19న ఉత్తరధ్రువం చేరాడు. అమెరికా వైమానిక దళం విమానం పైన తిరిగి, అది ధ్రువమేనని నిర్ధారించింది. మామగారు ఆశ్చర్యపోలేదు. "పాలసీ కట్టించుకోవాలనుకుంటే ఎక్కడికైనా వస్తారండీ వాళ్లు. మా క్వార్టర్స్‌కి అర్ధరాత్రి వచ్చాడొకడు" అన్నారు.

తర్వాత టీవీ అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకుని, మంకీ క్యాప్ సర్దుకుని, దాని మీద పడుకున్నారు. టార్చి నా చేతిలోంచి లాక్కున్నారు. అక్కణ్నుంచి నేను ఆ గ్యారేజీలో శ్రామిక్‌ని.

"అల్లుడుగారూ, టైరు చెప్పినంత నిజం డ్రైవరు చెప్పడు" అన్నారు. "రెండంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టాడని. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైందని. ఒక పక్కనే తిన్నదంటే అలైన్‌మెంటు పోయిందని. డ్రైవరేమో లాగ్‌షీట్లో 'టైరు బాగోలేదు' అని రాసి ఇంటికి పోతాడు. కొత్త టైరు వేస్తాం. నెల తిరక్కుండా అదీ అదేచోట తింటుంది. టైరుదేం పాపం? పక్కనున్నది తింటే అది అరిగింది. చెప్పండి, మీ దాని అరుగుడు బయటిపక్కా, లోపలిపక్కా?"

"లోపలిపక్క, మావయ్యగారూ."

"అయితే పైనున్న ఆ రేకు కప్పు నిర్దోషి. అది తగిలితే బయటి పళ్ల కొనలు పోయుండేవి. ఒకచోటేనా, చుట్టూనా?"

"చుట్టూ."

"అయితే తిరిగేదాన్ని అనుమానించొద్దు. తిరిగేదాంట్లో లోపముంటే మచ్చ ఒకచోట ఉంటుంది. కదలకుండా ఒకచోట నిలబడ్డది గీకుతుంటేనే గీత చుట్టూ వస్తుంది. రెండువైపులా, ఒకవైపా?"

"ఎడమవైపే."

"భేష్. కుడిపక్క మనకు సాక్షి" అన్నారు. "ఏం తేడా ఉందో అది చెబుతుంది. అడగడం మన పని."

షాపులో కాగితం మీద ఇన్ని అంకెలు వేశారుగాని, ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మామూలు ముద్దాయిలను ఒక్కొక్కరినే పిలిచి విచారించాం. మొదటిది బిగువు. ట్రాక్ వదులైతే తిప్పే చక్రం పళ్లు జారి లోపలి పళ్లను నమిలేస్తుంది, గతుకుల్లో ట్రాక్ ఎగిరెగిరి దొరికినదానికల్లా కొట్టుకుంటుంది. మరీ బిగిస్తే బలమంతా దాన్ని లాగడానికే సరి, బేరింగులూ తొందరగా పోతాయి. అందుకే మాన్యువల్‌లో ఒక లెక్క ఇస్తారు: పట్టాల కింద వేలాడే ట్రాక్‌కి చెప్పినచోట చెప్పినంత బరువు కట్టి, ఎంత సాగిందో కొలవాలి. కొలిచాం, లెక్కలోనే ఉంది. రెండోది అలైన్‌మెంటు. వెనక ఇరుసుకు రెండువైపులా బోల్టులుంటాయి. ట్రాక్ ఎప్పుడూ వదులుగా ఉన్నవైపుకే జరుగుతుంది, కాబట్టి అది ఏ పక్కకు పోతుంటే ఆ పక్క బోల్టును పావు తిప్పు చొప్పున బిగించుకుంటూ రావాలి. మాది నడిమధ్యలోనే తిరుగుతోంది. మూడోది అడుగు స్లైడ్లు. ట్రాక్‌కి ఉన్న ఉక్కు క్లిప్పులు ఈ ప్లాస్టిక్ మీద జారుతూ పోతాయి, ఆ జారుడుకు నూనె మంచే. మంచు లేని నేల మీద ఈ బండిని తోలితే ప్లాస్టిక్ వేడెక్కి కరిగిపోతుంది. వాసన వచ్చేది కూడా అప్పుడే. మా స్లైడ్లు రెండువైపులా సమానంగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

ముగ్గురూ నిర్దోషులే. స్టాండు మీద ట్రాక్ తిప్పితే ఎక్కడా దేనికీ తగలడంలేదు. నేను నిరాశపడ్డాను. మామగారు నవ్వారు.

"ఖాళీ బస్సు ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉంటుందండీ. జనం ఎక్కాక చూడాలి."

జనాన్ని పిలిచాం. బిర్యానీ అంటే పదిమంది రావడానికి ఎంతసేపు? ఇంజన్ ఆపేసి, తాళంచెవి మామగారు తన జేబులో వేసుకున్నారు. "బండి కింద మనిషి ఉన్నప్పుడు తాళం ఆ మనిషి దగ్గరే ఉండాలి. మా డిపోలో రూలు" అన్నారు. సీటు మీద ఎంతమంది పడితే అంతమందిని కూర్చోబెట్టాం. బండి వెనకభాగం కొంచెం దిగింది. కిందినుంచి గొంతు వచ్చింది, "చాలదు, ఇంకా దిగాలి." డేటాబేసాయన ఎక్కాడు. "ఇంకా." అప్పుడు అందరూ గుండె డాక్టరుగారి వైపు తిరిగారు. పేషెంట్లకు రోజూ బరువు తగ్గమని చెప్పే మనిషి, కొంచెం మొహమాటపడ్డాడు. కాని శాస్త్రం కోసం ఎక్కాడు. స్ప్రింగులు మూలిగాయి.

"ఆగండి! ఎవరూ ఊపిరి తీసుకోవద్దు!" అన్నారు మామగారు కిందినుంచి.

బరువు పడ్డకొద్దీ పట్టాలు టన్నెల్‌కి దగ్గరవుతాయి, ఆ కదలికలో వెనక చెయ్యి పైకి లేస్తుంది. ఆ చేతికి పైనే, బాగా దగ్గరగా, ట్రాక్ పై వరస పోతుంటుంది. ట్రాక్ చేతిని తాకకుండా ఎత్తిపట్టేది చేతి పైకొసన ఇరుసు మీదుండే రెండు మోత చక్రాలు. కుడిపక్క చేతికీ ట్రాక్‌కీ మధ్య మామగారి బొటనవేలు దూరింది. ఎడమపక్క చిటికెనవేలు కూడా దూరలేదు. కాని తగులుతోందా అంటే, సరిగ్గా కనబడటంలేదు. డాక్టరుగారి బరువుకూ ఒక హద్దుంటుంది, దారి మీద గతుకు కొట్టే దెబ్బ దానికి రెండింతలు. బిర్యానీ వడ్డించాం.

భోజనాలయ్యాక మామగారు వంటింట్లోకి వెళ్లి, "ఏమేవ్, పసుపు డబ్బా ఇలా ఇవ్వు" అన్నారు.

అత్తగారు సంతోషపడ్డారు. కొత్త బండికి పూజ చేయించలేదని ఆవిడకు వచ్చిన రోజు నుంచీ మనసులో ఉంది. పసుపుతోపాటు కుంకుమ, నిమ్మకాయ కూడా తెచ్చారు. మామగారు పసుపు మాత్రం తీసుకున్నారు. నీళ్లతో కలిపితే గడ్డకడుతుంది. కొబ్బరినూనెతో కలుపుదామంటే, పాతిక డిగ్రీల కిందికి దిగితేనే పేరుకునే సరుకు, మా గ్యారేజీలో సీసాలో రాయై కూర్చుంది. చివరికి వాజ్‌లైన్‌లో కలిపారు. ఆ ముద్దను వెనక చేతి గొట్టాల మీద కుడికీ ఎడమకీ సమానంగా, వేలితో, పెళ్లిలో మంగళస్నానం చేయించినంత శ్రద్ధగా పూశారు. మిషను పనిలో ఎక్కడ ఏది రాసుకుంటోందో తెలుసుకోడానికి నీలిరంగు పూసి చూడటం పాత పద్ధతే. మా ఇంట్లో నీలం లేదు, పసుపుకి లోటు లేదు.

"ఇక ట్రయల్‌కి వెళ్లి రండి" అన్నారు.

"మీరూ రండి మావయ్యగారూ, వెనక కూర్చుందురుగాని."

"ఉద్యోగమంతా బండ్ల కిందే బతికానండీ. పైన కూర్చోవడం అలవాటు లేదు."

డలూత్ నుంచి గ్రాండ్ మరే దాకా సరస్సు ఒడ్డు కొండల మీదుగా 146 మైళ్ల దారి ఒకటుంది. దాని మొదట్లోనే కావలసినన్ని గతుకులు దొరుకుతాయి. ఒక్కదాన్నీ వదలకుండా అన్నిటి మీదుగా పోనిచ్చి వచ్చాను. బండి మళ్లీ స్టాండెక్కింది. మామగారు మళ్లీ అట్ట మీదికి దిగారు.

కుడి గొట్టం మీద పసుపు పూసింది పూసినట్టే ఉంది, మీద కొంచెం మంచు పడిందంతే. ఎడమ గొట్టం మీద అరచేయంత మేర పసుపు లేదు. తుడిచేసినట్టు పోయి, కింద నల్లరంగు కూడా ఎప్పుడో లేచిపోయి, ఉక్కు తళతళ మెరుస్తోంది. ఆ పసుపంతా ఎక్కడికి పోయిందంటే, ట్రాక్ లోపలి చార మీదికి. చుట్టూ పచ్చటి గీత. దొంగ చేతికి రంగంటుకుంది, సొమ్ముకీ అంటుకుంది. ఇంక వేరే రుజువెందుకు?

అయినా మామగారు కేసు మూసెయ్యలేదు. "చెయ్యి ఎందుకు తగిలింది? చెయ్యి వంగిందా?" సూటిబద్ద పెట్టి చూశాం, వంగలేదు. బుష్‌లు అరిగి అటూ ఇటూ ఆడుతోందా? పట్టుకు ఊపాం, ఆడలేదు. అప్పుడు టేపు తీసి మోత చక్రాలు కొలిచారు. కుడి చక్రం కన్నా ఎడమ చక్రం వ్యాసంలో ముప్పావు అంగుళం చిన్నది! ఆ చీకట్లో, ఆ ఇరుకులో, రెండూ నల్లగా గుండ్రంగానే ఉంటాయి, ఎవరి కంటా పడలేదు. ఎప్పుడో ఎడమ చక్రం బేరింగు పోయుంటుంది. పాత యజమాని చేతికందిన వేరే సైజు చక్రం ఒకటి బిగించి, బ్రహ్మాండంగా నడుస్తోందని తృప్తిపడ్డాడు. చక్రం చిన్నదయ్యేసరికి ఆ పక్క ట్రాక్ కిందికి దిగింది. గతుకు వచ్చినప్పుడల్లా వెనక చెయ్యి పైకి లేచి దాన్ని ఒక గీకు గీకింది. అంతే కథ.

చక్రం విప్పి, బేరింగు మీద మురికి తుడిచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి మామగారు నంబరు చదివారు. "6205!" ఆ కేక విని మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. ప్రపంచమంతా ఒకటే కొలత. మన పొలాల దగ్గర మోటార్లలో వేసే బేరింగే. అమెరికా వచ్చాక ఆయనకు తెలిసిన మొహం కనబడటం అదే మొదటిసారి. ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేసి పాత గ్యారేజీ మిత్రుడితో, "ఇక్కడా 6205యేరా!" అని చాలాసేపు మాట్లాడారు. నయాగరా చూపించినా అంత మాట్లాడేవారు కాదు.

సరైన సైజు చక్రం ముప్పై నలభై డాలర్లలో వచ్చింది. ఎడమ ఒక్కటే కాకుండా రెండువైపులా కొత్తవి వేయించారు, జోడీ చెడకూడదని. గొట్టం మీద గరుకులను ఆకురాయితో నున్నగా చేసి రంగు వేశారు. ట్రాక్‌ని మళ్లీ అంగుళం అంగుళం తడిమి చూశారు. నేతగుడ్డ పైకి కనబడిందేగాని తెగలేదు, లోపలి కడ్డీలు ఎక్కడా బయటపడలేదు, విరగలేదు. అవి బయటపడి ఉంటేనో, గుడ్డ చిరిగి ఉంటేనో, వేగంలో ఉండగా ట్రాక్ తెగిపోయే ప్రమాదం కనక మార్చక తప్పేది కాదు. "దీన్ని ఈ సీజన్‌కి పోనీండి. వెళ్లొచ్చినప్పుడల్లా ఆ చార మీద చెయ్యి వేసి చూస్తుండండి" అన్నారు. చూస్తున్నాను. చార పెరగలేదు, వాసన రాలేదు, మంచులో పొడి పడలేదు.

పక్కింటి పెద్దాయన వచ్చి ఆ చిన్న చక్రాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మామగారి చెయ్యి పట్టుకుని ఊపి, తన బండి కూడా ఒకసారి చూడమన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. రెండు గంటలు గ్యారేజీలోనే ఉన్నారు. తిరిగొచ్చాక అడిగితే మామగారు, "మంచివాడండీ, గ్రీజు తక్కువ పెడుతున్నాడు" అన్నారు. అత్తగారి నమ్మకం మాత్రం వేరు. బండి బాగుపడింది పసుపు వల్లనేనని ఆవిడ అందరికీ చెబుతున్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఒక్కటి ఆలోచించండి. షాపువాళ్ల మాట విని వెయ్యి డాలర్ల కొత్త ట్రాక్ వేయించి ఉంటే ఏమయ్యేది? మజూరీతో సహా డబ్బు కట్టి, కొత్త రబ్బరుని తీసుకెళ్లి అదే ఎడమ గొట్టానికి నైవేద్యం పెట్టినట్టయ్యేది. మనం చేసే రిపేర్లలో సగం ఇలాంటివే. రోడ్డు కింద నీళ్ల పైపు కారుతుంటుంది, మనం ఏటా గుంట పూడుస్తాం. మెట్టు మీద మేకు తేలి ఉంటుంది, మనం చెప్పులు మారుస్తాం. అరిగినది ఎదురుగా కనబడుతుంది కాబట్టి నేరం దాని మీదికి పోతుంది. అరగదీసినది చీకట్లో, నిగనిగలాడుతూ, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

ఇది చదివేవాళ్లలో స్నోమొబైల్ ఉన్నవాళ్లు బహుశా పట్టుమని పదిమంది ఉండరు. ఉన్న ఆ కొద్దిమందికీ నా మనవి ఇది: ట్రాక్ లోపలివైపు చార కనబడితే కొత్తదానికి ఆర్డరు పెట్టకండి. ముందు ఇంజనాపి, తాళం జేబులో వేసుకుని, మోత చక్రాలు రెండువైపులా కొలవండి, వెనక చేతి మీద ఎక్కడ రంగు లేచిందో చూడండి. మిగతావాళ్లకు కూడా అదే మాట: స్కూటరుగాని, గ్రైండరుగాని, ఏది అరిగినా కొత్తది కొనేముందు దాన్ని ఏది తింటోందో కనుక్కోండి. కనుక్కోలేకపోతే మీ ఊళ్లో రిటైరైన ఆర్టీసీ మెకానిక్ ఎవరైనా ఉంటారు, ఒక కప్పు టీ ఇచ్చి పిలవండి.